డీజే బల్ల మీద పేరు దక్కని పనిముట్లు

డీజే సామగ్రి అనగానే జనం కళ్లకు కనిపించేవి మూడే. తిరిగే టర్న్‌టేబుల్, మీటలున్న మిక్సర్, నిలువెత్తు స్పీకరు బాక్సులు. కొనేవారి డబ్బు, చూసేవారి మెప్పు చాలావరకు వీటికే పోతాయి. ఒక పాటను మరో పాటలో అతుకు తెలియకుండా కలపడం, పాటలో నచ్చిన ముక్కను పట్టుకుని మళ్లీ మళ్లీ తిప్పడం, రాత్రంతా వాయించినా చెవులు బాగుండగానే ఇల్లు చేరడం వంటివి సాధ్యం చేసినవి మాత్రం చాలా చిన్న వస్తువులు. గుండ్రటి గుడ్డముక్క, చిన్న స్విచ్, వజ్రపు ముల్లు, సన్నటి తీగ, చెవిలో పెట్టుకునే బిరడా. రికార్డు గాడిలో ధ్వని మొదలైన చోటు నుంచి వినేవారి చెవి దాకా అది నడిచే దారి వెంట వెళితే ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటి ఎదురవుతాయి.

ఆ దారిలో మొదట ఉండేది స్లిప్‌మ్యాట్. తిరిగే పళ్లేనికీ రికార్డుకూ మధ్య పరిచే పలుచని ఫెల్ట్ గుడ్డ అది. ఇంట్లో పాటలు వినే టర్న్‌టేబుల్ మీద సాధారణంగా రబ్బరు మ్యాట్ ఉంటుంది. రికార్డు జారకుండా పట్టి ఉంచడం దాని పని. డీజేకు కావలసింది సరిగ్గా దీనికి వ్యతిరేకం. కింద పళ్లెం ఆగకుండా తిరుగుతూ ఉండాలి, పైన రికార్డు వేలి కింద కదలకుండా నిలవాలి, వేలు తీయగానే పూర్తి వేగం అందుకోవాలి. రబ్బరు మీద ఇది కుదరదు. రికార్డును ఆపితే పళ్లెమూ ఈడ్చుకుని ఆగుతుంది. వదిలితే పాట మూలుగుతూ, సాగుతూ మెల్లగా వేగం పుంజుకుంటుంది. నాట్యం చేస్తున్న గుంపు అక్కడికక్కడే అడుగు తప్పుతుంది.

రికార్డును ఇలా పట్టి ఉంచి వదిలే పద్ధతి రేడియో స్టేషన్లలో ముందునుంచీ ఉంది. అనౌన్సర్ మాట ముగిసీ ముగియగానే పాట అందుకోవాలంటే వేరే మార్గం ఉండేది కాదు. దాన్ని నాట్యశాలకు తెచ్చి పేరు తెచ్చుకున్నవాడు ఫ్రాన్సిస్ గ్రాసో. 1970 ప్రాంతంలో న్యూయార్క్‌లో పాత చర్చి భవనంలో నడిచిన శాంక్చువరీ అనే క్లబ్బులో, ఆడుతున్న పాట తాళంలోకి రెండో పాట తాళాన్ని కలిపేసి, మధ్యలో ఖాళీ లేకుండా నడిపేవాడు.

స్లిప్‌మ్యాట్ అసలు కథ అదే నగరంలోని బ్రాంక్స్ పేటది. అక్కడ 1973 ఆగస్టు 11న సెడ్జ్‌విక్ అవెన్యూలోని 1520 నంబరు భవనంలో జరిగిన పార్టీని హిప్ హాప్ పుట్టిన రోజుగా చెప్పుకుంటారు. ఆ పార్టీలో రికార్డులు వేసిన కూల్ హెర్క్, పాటలో గాత్రం ఆగి డ్రమ్ములు మాత్రమే మోగే చోట జనం ఎక్కువగా ఆడుతున్నారని గమనించాడు. తర్వాత ఒకే రికార్డు రెండు ప్రతులు పెట్టి ఆ ముక్కనే పొడిగించే పద్ధతి తెచ్చాడు. అయితే ముల్లును కంటి అంచనాతో గాడిలో దించేవాడు కాబట్టి తాళం కచ్చితంగా కలిసేది కాదు. ఆ లోటును తీర్చాలని పట్టుపట్టిన కుర్రవాడు జోసెఫ్ శాడ్లర్. లోకానికి గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్‌గా తెలుసు. 1958లో బార్బడోస్‌లో పుట్టి బ్రాంక్స్‌లో పెరిగాడు, వృత్తివిద్యా పాఠశాలలో ఎలక్ట్రానిక్స్ చదివాడు. రికార్డు మీద వేలు పెట్టి వెనక్కి తిప్పితే లెక్క తప్పదని అతనికి అర్థమైంది. అడ్డు వచ్చింది రబ్బరు మ్యాట్.

అతని తల్లి కుట్టుపని చేసేది. గుడ్డల రకాలు ఇంట్లోనే పరిచయం. ఏ గుడ్డ ఎలా జారుతుందో చూసి ఫెల్ట్ ఎంచుకున్నాడు. కానీ ఫెల్ట్ మెత్తన, రికార్డుతో పాటు మడత పడిపోయేది. దానికి గంజి పట్టించి ఇస్త్రీ చేశాడు. అట్టలా బిరుసెక్కింది. రికార్డు సైజుకు కత్తిరించి పళ్లెం మీద వేశాడు. దానికి అతను పెట్టిన పేరు వేఫర్. ఈ రోజు ప్రపంచంలో ఏ డీజే దుకాణంలో అమ్మే స్లిప్‌మ్యాట్‌లోనైనా ఆ ఇంటి ఇస్త్రీపెట్టె కింద జరిగిన ప్రయోగం ఉంది. 1970 దశకం నడుమ గ్రాండ్ విజార్డ్ థియొడోర్ అనే మరో కుర్రవాడు, శబ్దం తగ్గించమని తల్లి గదిలోకి వచ్చి మందలిస్తుంటే రికార్డును చేత్తో పట్టుకుని అటూ ఇటూ కదిపాడని, అలా వచ్చిన గీరుడు శబ్దమే స్క్రాచ్ అయిందని అతనే చెబుతాడు. స్క్రాచ్ అనే విద్యకు ఆధారం పళ్లేనికీ రికార్డుకూ మధ్య ఉన్న ఆ జారుడే.

స్లిప్‌మ్యాట్ మంచిచెడులు తెలుసుకోవడానికి ఒక్క పరీక్ష చాలు. పళ్లెం తిరుగుతుండగా రికార్డు అంచున ఒక్క వేలు ఆనించాలి. పళ్లెం వేగం తగ్గకుండా రికార్డు నిలిస్తే మ్యాట్ మంచిది. పొడి వాతావరణంలో ఫెల్ట్‌కు స్థిర విద్యుత్తు పడుతుంది. రికార్డు ఎత్తగానే మ్యాట్ కూడా అంటుకుని లేస్తుంది, సగం ఎత్తులో ఊడి ముల్లు మీద పడుతుంది. అనుభవం ఉన్నవారు రికార్డు లోపలి ప్లాస్టిక్ కవరును గుండ్రంగా కత్తిరించి మ్యాట్ కింద వేస్తారు. జారుడు పెరుగుతుంది, ఖర్చు ఏమీ ఉండదు.

స్లిప్‌మ్యాట్ కింద తిరిగే యంత్రం గొప్పదనాన్ని తక్కువ చేయనవసరం లేదు. జపాన్‌లో మత్సుషిత కంపెనీ టెక్నిక్స్ పేరుతో 1972లో తెచ్చిన ఎస్‌ఎల్ 1200, దాని 1979 నాటి మార్క్ 2 రూపం పొందవలసిన కీర్తి పొందాయి. బెల్టు లేకుండా మోటారే నేరుగా పళ్లేన్ని తిప్పుతుంది. నిలిచి ఉన్న పళ్లెం 0.7 సెకన్లలో పూర్తి వేగం అందుకుంటుంది. ఆ యంత్రం మీదే ఎవరూ పట్టించుకోని భాగం ఒకటుంది. పళ్లెం అంచున నాలుగు వరసల చుక్కలు, వాటి మీద పడే ఎర్రటి దీపం. దీపం క్వార్ట్జ్ లెక్కన మినుకుతుంది. వేగం సరిగ్గా ఉంటే పెద్ద చుక్కల వరస కదలకుండా నిలిచినట్టు కనిపిస్తుంది. మిగతా మూడు వరసలు వేగం 3.3 శాతం తగ్గినప్పుడు, 3.3 శాతం పెరిగినప్పుడు, 6 శాతం పెరిగినప్పుడు నిలుస్తాయి. ఇప్పటి తెరలు పాట వేగాన్ని అంకెల్లో చూపిస్తాయి. పళ్లెం ఆరోగ్యం ఎలా ఉందో మాత్రం ఈ చుక్కలే చెబుతాయి. నిలవాల్సిన వరస వణికితే మోటారు గానీ దాని నియంత్రణ గానీ రిపేరుకు వచ్చిందని అర్థం.

తర్వాతది ముల్లు. వజ్రపు మొన, దాన్ని మోసే సన్నటి కడ్డీ, అయస్కాంతం, తీగచుట్టలు కలిసి కార్ట్‌రిజ్ అవుతుంది. డీజేలు ఎక్కువగా వాడే గుండ్రటి మొన వ్యాసార్ధం దాదాపు 18 మైక్రాన్లు. మనిషి వెంట్రుక మందంలో ఇది చిన్న భాగం. ఇంట్లో వినేవారికి గాడిలోని ప్రతి సూక్ష్మాన్నీ చదివే ముల్లు కావాలి. స్క్రాచ్ చేసేవారికి రికార్డును ముందుకూ వెనక్కూ ఎంత విసురుగా తిప్పినా గాడి వదలని ముల్లు కావాలి. ఈ రెండో గుణానికి ఒక తరం మొత్తం నమ్ముకున్నది షూర్ కంపెనీ ఎం 44-7. అది డీజేల కోసం పుట్టినది కాదు, 1960 దశకంలో ఇళ్లలో వినేవారి కోసం వచ్చిన వరసలోది. దాని కడ్డీ గట్టిది, ముల్లు మీద 3 గ్రాముల దాకా బరువు పెట్టవచ్చు, అది ఇచ్చే విద్యుత్తు 9.5 మిల్లీవోల్టులు. మామూలు కార్ట్‌రిజ్‌లు ఇచ్చేదానికి ఇది ఇంచుమించు రెట్టింపు. అందుకే స్క్రాచ్ పదునుగా, నిండుగా వినిపిస్తుంది. 2018లో షూర్ ఈ కార్ట్‌రిజ్‌ల తయారీ మానేసినప్పుడు చాలామంది డీజేలు మిగిలిన సరుకు కొని దాచుకున్నారు. ఆ తర్వాత జపాన్‌లోని జికో సంస్థ అదే తరహా ముళ్లు, కార్ట్‌రిజ్‌లు చేస్తోంది. 1873లో సూదుల తయారీతో మొదలైన సంస్థ అది.

ముల్లుకు ఆయుష్షు ఉంటుందని మరిచిపోవడం డీజేల్లో బాగా కనిపించే అలవాటు. అరిగిన మొన పక్కలు ఉలిలా మారి గాడి గోడలను చెక్కేస్తాయి. మళ్లీ దొరకని పాత రికార్డు ఒకటి పాడైతే కొత్త ముల్లు ధర దాని ముందు ఏపాటి? ముల్లు మీద బరువు కొలిచే చిన్న కాటా చవకైన వస్తువు, డీజే సంచిలో అరుదుగా కనిపిస్తుంది. బరువు తక్కువైతే ముల్లు గెంతుతుంది, ఎక్కువైతే రికార్డు అరుగుతుంది. అంచనాతో పెట్టేవారు సాధారణంగా ఎక్కువే పెడతారు.

కంప్యూటర్ వచ్చినంత మాత్రాన ఈ వస్తువుల పని తీరిపోలేదు. 2004లో వచ్చిన సెరాటో స్క్రాచ్ లైవ్ వంటి ఏర్పాట్లలో రికార్డు మీద పాట ఉండదు, సంకేతం కలిసిన ఒక స్వరం ఉంటుంది. ముల్లు దాన్ని చదివితే, చెయ్యి రికార్డును ఎటు ఎంత వేగంగా తిప్పుతోందో కంప్యూటర్‌కు తెలుస్తుంది, దాని ప్రకారం పాట నడుస్తుంది. ముల్లు మీద దుమ్ము ఉంటే కంప్యూటర్ కూడా తడబడుతుంది.

ముల్లు నుంచి వచ్చే విద్యుత్తు కొన్ని మిల్లీవోల్టులే. ఇంత బలహీనమైన దశలో దాన్ని కాపాడేది టర్న్‌టేబుల్ వెనక వేలాడే సన్నటి గ్రౌండ్ తీగ. మిక్సర్ వెనక ఉన్న చిన్న మరకు దాన్ని బిగించకపోతే చుట్టుపక్కల కరెంటు తీగల ప్రభావం ముల్లు సంకేతంలోకి చొరబడి గుయ్యిమని మోగుతుంది. మన దేశంలో కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలు పూర్తి చేస్తుంది కాబట్టి ఆ హోరు 50 హెర్ట్జ్ దగ్గర, దాని గుణిజాల దగ్గర వినిపిస్తుంది. డీజే సమస్యలన్నిటిలో అర నిమిషంలో తీరేది ఇదే. మిక్సర్ లోపల ఈ బలహీన సంకేతాన్ని పెంచే ఫోనో విభాగం ఇంకొక పని కూడా చేస్తుంది. రికార్డు చెక్కేటప్పుడు మంద్రస్వరాలను తగ్గించి, తారస్వరాలను పెంచి చెక్కుతారు. లేకపోతే గాడి మరీ వెడల్పై రికార్డులో పాట పట్టదు. ఆడించేటప్పుడు ఆ తగ్గింపును తిరిగి పెంచి, ఆ పెంపును తిరిగి తగ్గించాలి. 1954లో అమెరికా రికార్డు కంపెనీల సంఘం స్థిరపరిచిన కొలత ప్రకారం రెండు కొసల్లోనూ ఈ సవరణ దాదాపు 20 డెసిబెల్స్. ఈ విభాగం నాసిరకమైతే ఎంత ఖరీదైన స్పీకరైనా రికార్డులో ఉన్న నిండుదనాన్ని ఇవ్వలేదు.

ఇక హెడ్‌ఫోన్ల సంగతి. అంతకంటే ముఖ్యం, వాటికి ధ్వనిని పంపే క్యూ స్విచ్. జనం వింటున్నది ఒక పాట, డీజే ఒక చెవితో వింటున్నది తర్వాతి పాట. ఈ ఏర్పాటు లేకపోతే డీజే కళ్లకు గంతలు కట్టుకున్నట్టే. న్యూయార్క్‌లో అలెక్స్ రోస్నర్ అనే ఇంజనీరు 1971లో హేవెన్ అనే క్లబ్బు కోసం ఒక మిక్సర్ కట్టాడు. ఎర్ర రంగు వేయడంతో దానికి రోజీ అనే పేరు వచ్చింది. నాట్యశాలల కోసమే తయారైన తొలి స్టీరియో మిక్సర్లలో అది ఒకటి. ఆ దశకంలోనే బోజాక్ కంపెనీ మిక్సర్లు క్లబ్బుల్లో పాతుకుపోయాయి. అవన్నీ డబ్బున్న చోట్లకు వచ్చినవి. బ్రాంక్స్ కుర్రవాళ్లకు అందేవి కావు.

ఫ్లాష్ ఆ లోటునూ సొంతంగా పూడ్చుకున్నాడు. విడిభాగాల దుకాణానికి వెళ్లి ఒక చిన్న రెండు దారుల స్విచ్ కొన్నాడు. దాన్ని జిగురుతో తన మైక్ మిక్సర్‌కు అతికించాడు. విడిగా ఒక చిన్న యాంప్లిఫయర్‌నూ ఒక హెడ్‌ఫోన్‌నూ తగిలించాడు. స్విచ్ ఒక వైపు వేస్తే మొదటి టర్న్‌టేబుల్, ఇంకో వైపు వేస్తే రెండోది వినిపిస్తుంది, మధ్యలో ఉంచితే నిశ్శబ్దం. దీన్ని అతను పీకబూ సిస్టమ్ అన్నాడు. జనానికి వినిపించకముందే వచ్చే ముక్కను చెవిలో వెతుక్కుని, వేలు పెట్టి ఆపి, సరైన తాళం మీద వదిలే విద్య ఇక్కడ కుదురుకుంది. గంజి పెట్టిన గుడ్డ, జిగురుతో అతికించిన స్విచ్. హిప్ హాప్ సంగీతం నిలబడింది ఈ రెండు చేతిపనుల మీద. చరిత్ర పుస్తకాలు టర్న్‌టేబుల్ బొమ్మ వేసి ఊరుకుంటాయి. న్యాయంగా అయితే ఆ స్విచ్ బొమ్మ కూడా వేయాలి.

డీజే హెడ్‌ఫోన్‌కు కావలసిన గుణాలు వేరు. చెవిని గట్టిగా మూసి బయటి హోరును ఆపాలి. ఒక చెవి కప్పును చేత్తో వెనక్కి తిప్పగలగాలి. తీగ తెగితే తీగ ఒక్కటే మార్చుకునేలా ఉండాలి. సెన్‌హైజర్ కంపెనీ 1988లో తెచ్చిన హెచ్‌డీ 25 ఈనాటికీ వాడుకలో ఉండటానికి కారణం దానిలో ఏ భాగం పాడైనా ఆ భాగాన్నే విడిగా మార్చుకునే వీలుండటమే. చాలా మిక్సర్ల మీద స్ప్లిట్ క్యూ అనే మీట కూడా ఉంటుంది. అది నొక్కితే ఎడమ చెవిలో రాబోయే పాట, కుడి చెవిలో ఆడుతున్న పాట వినిపిస్తాయి. కొన్నవారిలో చాలామంది దాన్ని ఒక్కసారి కూడా నొక్కి చూడరు.

ఆ మీట విలువ ధ్వని వేగం లెక్క వేస్తే తెలుస్తుంది. గాలిలో ధ్వని సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది. అంటే మీటరు దూరానికి ఇంచుమించు 3 మిల్లీసెకన్లు. డీజే బల్లకు 20 మీటర్ల దూరంలో పెద్ద స్పీకర్లు ఉంటే వాటి శబ్దం డీజే చెవికి 58 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. నిమిషానికి 128 దెబ్బలున్న పాటలో దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం 469 మిల్లీసెకన్లే. అందులో ఎనిమిదో వంతు ఆలస్యమంటే, హెడ్‌ఫోన్‌లో సరిగ్గా కలిసిన తాళం హాలులో కలవనట్టు వినిపిస్తుంది. డీజే లేని తప్పును దిద్దబోయి ఉన్న తాళాన్ని చెడగొడతాడు. అందుకే మంచి క్లబ్బుల్లో డీజే పక్కనే బూత్ మానిటర్ అనే చిన్న స్పీకరు పెడతారు. మన ఫంక్షన్ హాళ్లలో, పందిళ్లలో ఉన్న బాక్సులన్నిటినీ జనం వైపు తిప్పేసి, డీజేను వాటి వెనకో దూరంగా ఒక మూలనో కూర్చోబెట్టడం మామూలు. ఒక్క చిన్న బాక్సును అతని పక్కన పెడితే, అదీ కుదరకపోతే స్ప్లిట్ క్యూ వాడితే ఈ ఇబ్బంది పోతుంది.

క్రాస్‌ఫేడర్ అందరికీ కనిపించే వస్తువే. దాని లోపల ఏముందో తెలిసినవారు తక్కువ. రెండు పాటల మధ్య అడ్డంగా జరిపే ఈ మీట 1970 దశకం రెండో సగంలో మిక్సర్లలోకి వచ్చింది. బ్రిటన్‌లో సిట్రానిక్ కంపెనీకి రిచర్డ్ వాడ్‌మన్ రూపొందించిన మిక్సర్‌ను తొలి ఉదాహరణల్లో ఒకటిగా చెబుతారు. పాతకాలపు ఫేడర్‌లో కార్బన్ పట్టీ మీద లోహపు నాలుక రాసుకుంటూ జరుగుతుంది. పాట ఆ పట్టీ గుండానే పోతుంది. చెమట, దుమ్ము, రాపిడి చేరగానే చిటపటలు మొదలవుతాయి. మీట పూర్తిగా మూసినా రెండో పాట సన్నగా కారుతూ ఉంటుంది. తర్వాతి తరం ఫేడర్లలో పాట మీటలోకి రాదు. మీట ఎంత పెంచాలో చెప్పే వోల్టేజీని మాత్రమే పంపుతుంది, పెంచడం తగ్గించడం వేరే సర్క్యూట్ చూసుకుంటుంది. ఆ తర్వాత రేన్ కంపెనీ అయస్కాంతంతో పనిచేసే ఫేడర్లు తెచ్చింది. లోపల ఏదీ దేనికీ రాసుకోదు కాబట్టి అరుగుదల దాదాపు ఉండదు. స్క్రాచ్ చేసేవారికి మీట చివర మొదటి మిల్లీమీటరే ప్రాణం. అంత కొద్ది దూరంలో ధ్వని పూర్తిగా తెరుచుకోవాలి. బొటనవేలు మీటను ఒక వైపు నొక్కి ఉంచితే, మిగతా వేళ్లు ఒకదాని తర్వాత ఒకటి మీటను తట్టి వెళతాయి. ఆ కాస్త వ్యవధిలో ధ్వని మూడు నాలుగు ముక్కలుగా తెగుతుంది. దాన్నే క్రాబ్ స్క్రాచ్ అంటారు.

మిక్సర్ దాటాక ధ్వని కేబుళ్లలోకి వస్తుంది. ఆంధ్ర, తెలంగాణ ఊళ్లలో డీజే సెట్టు చెడిపోవడానికి గానీ, ప్రమాదం జరగడానికి గానీ ఎక్కువ అవకాశం ఉన్న చోటు ఇదే. డీసీఎం వ్యాను మీద బాక్సులు, వెనక జనరేటర్, పక్కన రంగుల లైట్లు, వాటి డిమ్మర్లు, ఒక ల్యాప్‌టాప్, దాని చార్జర్. ల్యాప్‌టాప్ నుంచి మిక్సర్‌కు సన్నటి పిన్ను తీగ. చార్జర్ పెట్టగానే గుయ్యిమని మోత, చార్జర్ తీయగానే నిశ్శబ్దం. ఊరేగింపు నడిపే కుర్రవాళ్లందరికీ ఇది తెలిసిన తలనొప్పే. రెండు పరికరాలు రెండు వేర్వేరు దారుల్లో ఎర్త్‌కు కలిసినప్పుడు, వాటి మధ్య ఆడియో తీగ గుండా కూడా కరెంటు పారుతుంది. దాన్ని గ్రౌండ్ లూప్ అంటారు. మోత పుట్టేది అక్కడ.

దీనికి రెండు మంచి మందులున్నాయి. ఒకటి బ్యాలెన్స్‌డ్ కేబుల్. మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ కొస ఉండేది అదే. అందులో ఒక తీగలో సంకేతం, ఇంకొక తీగలో తలకిందులైన అదే సంకేతం, వాటి చుట్టూ కవచం. దారిలో చొరబడ్డ హోరు రెండు తీగల్లోనూ ఒకేలా చేరుతుంది. అవతలి కొసన యంత్రం రెండిటి తేడాను మాత్రమే తీసుకుంటుంది కాబట్టి హోరు కొట్టుకుపోతుంది, పాట మిగులుతుంది. రెండో మందు డీఐ బాక్స్. అరచేతిలో పట్టే ఆ పెట్టెలో, బ్యాటరీ అక్కర్లేని రకం అయితే, ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. ఒక వైపు నుంచి ఇంకో వైపుకు తీగ సంబంధం ఉండదు, అయస్కాంత క్షేత్రం ద్వారానే ధ్వని దాటుతుంది. ఆడియో తీగ దారిలో లూప్ అక్కడ తెగుతుంది, మోత ఆగుతుంది. డీజే సంచిలో చిన్నదైన ఈ పెట్టె, లక్షల విలువైన సెట్టును వినదగినట్టు చేస్తుంది. దీని గురించి ఎక్కడా పోస్టర్ మీద రాయరు.

ఈ మోతను ఆపడానికి కొందరు చేసే మరో పని ఉంది, దాన్ని గట్టిగా ఖండించాలి. ప్లగ్గులోని పెద్ద పిన్ను, అంటే ఎర్త్ పిన్ను, విరిచేయడం లేదా ఆ తీగను కత్తిరించడం. మోత ఆగవచ్చు. కానీ యాంప్లిఫయర్ లోపల కరెంటు తీగ ఊడి ఇనుప పెట్టెకు తగిలితే 230 వోల్టులు ఆ పెట్టె మీదే నిలుస్తాయి. చేయి వేసిన మనిషి గుండా భూమిలోకి దారి చూసుకుంటాయి. వర్షంలో నిమజ్జనం ఊరేగింపు సాగుతున్నప్పుడు, తడి కాళ్లతో నిలబడి తీగలు సర్దే కుర్రవాడికి ఇది ప్రాణాంతకం. ఎర్త్‌ను ఎప్పుడూ తీయకూడదు. లూప్‌ను ఆడియో వైపు డీఐ బాక్స్‌తో తెంచాలి. దానికి తోడు సెట్టుకు వచ్చే కరెంటు దారిలో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఒకటి ఉండాలి. వెళ్లిన కరెంటుకూ తిరిగి వచ్చిన కరెంటుకూ మధ్య ఆ మేరకు తేడా కనిపిస్తే, అంటే కరెంటు ఇంకెక్కడికో కారుతోందని తేలితే, కన్ను మూసి తెరిచేలోగా సరఫరా ఆపేస్తుంది. జనరేటర్ వాడేటప్పుడు దాని ఎర్తింగ్ సరిగ్గా ఉంటేనే ఈ రక్షణ పనిచేస్తుంది, అది ఎలక్ట్రీషియన్ చేత చూపించుకోవలసిన పని. డీజే సెట్టు అద్దెకు ఇచ్చేవారు బాక్సుల సంఖ్య చెబుతారు, వాట్లు చెబుతారు. అద్దెకు తీసుకునే పెళ్లివారు ఆర్‌సీసీబీ ఉందా అని ఒక్క మాట అడిగితే చాలామంది ప్రాణాలకు భరోసా.

యాంప్లిఫయర్‌కు ముందు లిమిటర్ ఉండాలి. మిక్సర్ మీద ఎర్ర దీపం వెలుగుతూ ఉండటాన్ని సందడికి గుర్తుగా భావించేవారున్నారు. ఎర్ర దీపం అంటే తరంగం పైభాగం, కిందిభాగం తెగిపోతున్నాయని. అలా తెగిన ధ్వని గరగరలాడుతుంది, పైస్థాయి హార్న్‌ల తీగచుట్టలను వేడెక్కించి కాల్చేస్తుంది. లిమిటర్ ఒక గీత గీసి ధ్వనిని దాన్ని దాటనివ్వదు. సరిగ్గా అమర్చిన లిమిటర్ ఉన్న చిన్న సెట్టు, అది లేని పెద్ద సెట్టు కంటే శుభ్రంగా, ఎక్కువ కాలం మోగుతుంది.

లిమిటర్‌తో పాటు శబ్దాన్ని కొలిచే మీటరు కూడా డీజే సామగ్రే. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్లున్న ప్రాంతాల్లో పగటి పరిమితి 55 డెసిబెల్స్, రాత్రి 45. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగంగా లౌడ్‌స్పీకర్లు మోగించకూడదు. 2024లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజే సౌండ్ సిస్టమ్‌లను నిషేధిస్తూ ఉత్తర్వులిచ్చారు. వాడుకలో మీటరు ఉండి, దాన్ని చూసి తగ్గించే అలవాటు ఉంటే వివాదం ఇంత దూరం వచ్చేది కాదేమో.

ధ్వని దారి ముగిసేది చెవిలో. అక్కడ ఉండవలసిన పనిముట్టు ఇయర్ ప్లగ్. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటలు భరించవచ్చు. ప్రతి 3 డెసిబెల్స్ పెంపుకూ ఆ సమయం సగమవుతుంది. 88కి 4 గంటలు, 91కి 2 గంటలు, 94కి గంట, 97కి అరగంట, 100కి 15 నిమిషాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సంగీత వేదికలకు 15 నిమిషాల సగటున 100 డెసిబెల్స్ దాటవద్దని ప్రమాణం పెట్టింది. డీజే రాత్రికి నాలుగైదు గంటలు అదే హోరులో ఉంటాడు, పైగా హెడ్‌ఫోన్‌ను ఆ హోరు మీద వినిపించేంత పెంచుకుంటాడు.

నురుగు ప్లగ్గులు వాడి చూసి, పాట మందకొడిగా వినిపిస్తోందని పారేసేవారు చాలామంది. వారి ఫిర్యాదు నిజమే. చెవి కాలువ తన పొడవును బట్టి 2,700 హెర్ట్జ్ ప్రాంతంలో శబ్దాన్ని సహజంగా పెంచుతుంది. ప్లగ్గు పెట్టగానే ఆ పెంపు పోతుంది, నురుగు అదనంగా పైస్వరాలను మింగేస్తుంది. సంగీతకారుల ప్లగ్గులు వేరు. వాటిలో చిన్న పొర, చిన్న గది ఉండి, పోయిన పెంపును తిరిగి కల్పిస్తాయి. 1980 దశకం చివర అమెరికాలో ఎటిమోటిక్ సంస్థ తెచ్చిన ఈఆర్ 15 అనే ఫిల్టర్ అన్ని స్వరాలనూ సమానంగా 15 డెసిబెల్స్ తగ్గించేలా రూపొందింది. పాట స్వరూపం మారదు, బరువు మాత్రమే తగ్గుతుంది. పై లెక్క ప్రకారం 15 డెసిబెల్స్ తగ్గడం అంటే భరించగల సమయం 32 రెట్లు పెరగడం. 100 డెసిబెల్స్ దగ్గర 15 నిమిషాలు ఉన్నది 8 గంటలు అవుతుంది.

డీజే సెట్టు కొనేవారు, అద్దెకు నడిపేవారు ఖర్చుల పట్టీలో ఇయర్ ప్లగ్గులను మొదటి వరసలో రాసుకోవాలి. బాక్సుల పక్కన రాత్రంతా నిలబడి తీగలు మోసే కుర్రవాళ్లకు కూడా తలా ఒక జత ఇవ్వాలి. ఒక్కో చెవిలో శబ్దాన్ని పట్టే రోమకణాలు దాదాపు 15 వేలు. మనిషిలో అవి ఒకసారి చనిపోతే మళ్లీ పుట్టవు.